థార్‌లో ఇసుక కొంతే, మిగతాదంతా గడ్డి

జనవరి 17, జైసల్మేర్

జైసల్మేర్‌లో జనవరి పొద్దు ఏడున్నరకి గానీ పొడవదు. బెజవాడకీ దీనికీ దాదాపు గంట తేడా. మనవాళ్లు అలవాటు కొద్దీ "తెల్లారి ఆరింటికల్లా కదులుదాం" అని జీపు మాట్లాడుకుంటారు. తీరా ఆ వేళకి కటిక చీకటి, ఆరేడు డిగ్రీల చలి. డ్రైవరు కాదనడు, దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంటాడంతే. ఏడింటికి కదిలితే చాలు. సాయంత్రం ఆరుంబావు దాకా వెలుతురు ఉంటుంది గనక పోయేదేమీ లేదు.

కోట గురించీ హవేలీల గురించీ రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. జంతువుల్నీ పక్షుల్నీ చూస్తూ పడమటి థార్ ఎడారిలో టెంటు వేసుకుని ఉండదలిచినవాళ్లకి ఈ ఊరు సామాను కొనుక్కునే చోటు. ముందు నీళ్లు. తాగటానికి మనిషికి రోజుకి మూడు లీటర్లు, వంటకీ మొహం కడుక్కోటానికీ ఇంకో రెండు. అంటే నలుగురికి రోజుకో 20 లీటర్ల క్యాను. అది కాక ఒక క్యాను ఎప్పుడూ ముట్టకుండా వెనక సీటు కింద ఉండాలి, బండి ఇసుకలో దిగబడి రాత్రంతా అక్కడే ఉండాల్సొస్తే పనికొచ్చేది అదే. మాకు క్యాను నింపటానికి 40 రూపాయలు, ఖాళీ క్యానుకి 150 డిపాజిట్ పడింది. గతుకుల్లో మూతలు ఊడి సగం నీళ్లు బండిలోనే పోతుంటాయి. మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడితే చుక్క కారదు.

వంట గ్యాస్ రైల్లో గానీ విమానంలో గానీ తీసుకెళ్లకూడదు. చిన్న స్టవ్వు మాత్రం పెట్టుకుని, డబ్బాలు రాజస్థాన్‌లో దిగాక కొనుక్కోవాలి. బ్యూటేన్ చలికి మొండికేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరవటం దాదాపు ఆగిపోతుంది, ఐదారు డిగ్రీల్లోనే మంట సన్నబడుతుంది. పడుకునే ముందు డబ్బాని స్టవ్వు నుంచి విడదీసి రజాయి కింద పెట్టుకుంటే పొద్దున్నే టీ ఆలస్యం కాదు. గాలి ఎంత కొట్టినా టెంటు లోపల మాత్రం వెలిగించకూడదు.

ఇక తిండి. బియ్యం తీసుకెళ్లటం మా దృష్టిలో పొరపాటు లెక్క. కడగటానికి నీళ్లు, వండటానికి నీళ్లు, అడుగంటిన గిన్నె తోమటానికి మళ్లీ నీళ్లు. నలుగురి ఒక పూట అన్నానికి ఆరేడు లీటర్లు ఆవిరి. దాని బదులు అటుకులు, ఉప్మా రవ్వ, బెజవాడలోనే ఉడికించి నూనె తేలేదాకా మగ్గించిన పులిహోర గుజ్జు, కందిపొడి, నల్లకారం. అటుకుల్ని కొద్దిగా తడిపి గుజ్జు కలిపితే పావు లీటరు నీళ్లతో ఒక మనిషి భోజనం అయిపోతుంది. గోంగూర పచ్చడి గాజు సీసాలో వద్దు, స్టీలు డబ్బాలో పైన రెండు వేళ్ల మందం నూనె పోసి తెచ్చుకోవాలి.

మానక్ చౌక్ దగ్గర దుకాణాల్లో మథానియా మిరపకాయ అమ్ముతారు, జోధ్‌పూర్ పక్కన పండేది. గుంటూరు నుంచి వచ్చిన బాబాయి ఒకటి తుంచి నాలిక మీద వేసుకుని, "రంగు బాగుంది, కారం మాత్రం మన సన్నాల ముందు నిలవదు" అని తేల్చారు. నిజమే. దాని గొప్ప రంగూ వాసనాను, మంట కాదు. కిలో ధర అడిగి మాత్రం ఆయన మళ్లీ డబ్బాలో పెట్టేశారు.

సరిహద్దు జిల్లా కాబట్టి ఒక మాట. డ్రోను తేవద్దు. ఉపగ్రహ ఫోన్లూ, ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరాలూ మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం, ఇక్కడ పట్టుబడితే వదలరు. ఆధార్ కార్డు ఒరిజినల్ జేబులో ఉండాలి.

జనవరి 18, ఖురీ

ఎడారిలో టెంటు అనగానే అందరూ సమ్‌కి వెళ్తారు. జైసల్మేర్‌కి పడమటగా 40 కిలోమీటర్లు, నున్నటి రోడ్డు. తిన్నెల అంచున వరసగా స్విస్ టెంట్లు, రాత్రి పదకొండింటి దాకా డీజే, పగలంతా తిన్నెల మీద జీపుల పందేలు. అక్కడ రాత్రి పడుకుంటే మర్నాడు ఇసుక మీద కనపడేవి టైర్ల జాడలూ ఒంటె పెంటికలూ మాత్రమే. జంతువుల కోసం వెళ్లేవాళ్లు ఆ దారి మానుకుని, నైరుతిగా 48 కిలోమీటర్ల దూరంలోని ఖురీకి రావాలి. అక్కడా తిన్నెలున్నాయి, కానీ ఊరు ఊరుగానే ఉంది.

అసలు సంగతేంటంటే, థార్‌లో చూడాల్సిన జీవాల్లో చాలావరకు తిన్నెల్లో ఉండవు. 1980లో ప్రకటించిన ఎడారి జాతీయ వనం విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అందులో తిన్నెలు ఐదో వంతే. మిగతాదంతా గులకరాతి నేల, రాతి పలకలు, సేవణ్ గడ్డి. ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపు వానతో బతికే మొండి గడ్డి అది. ఆవులకి అదే మేత, జింకలకి అదే చాటు, పక్షులకి అదే ఇల్లు. తిన్నె మీద ఒక రాత్రి సరదాకి పడుకోవచ్చు, మిగతా రాత్రులు గడ్డి నేల మీద.

ఆ సరదా రాత్రికి టెంటు ఎక్కడ వేయాలన్నది పెద్ద ప్రశ్న. శిఖరం మీద గాలి. రెండు తిన్నెల మధ్య పల్లంలో వేస్తే చల్లటి గాలి బరువుకి కిందికి జారి అక్కడే నిలిచిపోతుంది, పైన ఏడు డిగ్రీలుంటే పల్లంలో అంతకంటే తక్కువ. తెల్లారేసరికి టెంటు గుడ్డ లోపలివైపు కూడా తడిసి ఉంటుంది. ఇక్కడి తిన్నెల్ని మలిచేది వేసవిలో నైరుతి నుంచి కొట్టే గాలి. అందుకని నైరుతి వాలు మెల్లగా ఎక్కేట్టు, గట్టిగా ఉంటుంది, అవతలి వాలు నిలువుగా, అడుగేస్తే మోకాలి దాకా దిగేట్టు ఉంటుంది. శీతకాలం గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి. కాబట్టి నైరుతి వాలు మీద, అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో వేస్తే గట్టి నేలా గాలి చాటూ రెండూ కుదురుతాయి.

టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఇక్కడ దండగ. మన కృష్ణ ఇసుక గరుకు, మేకుని కాస్తో కూస్తో పట్టుకుంటుంది. ఇది మైదాపిండిలా జారిపోతుంది. గోనె సంచినో బియ్యం సంచి ముక్కనో ఇసుకతో నింపి, నడుముకి తాడు కట్టి, మోచేతి లోతు గొయ్యి తీసి అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి తొక్కాలి. నాలుగు మూలలా నాలుగు, గాలి వైపు ఇంకో రెండు. ఒక్కోదానికి ఐదు కిలోల ఇసుక చాలు. తాడు ఏటవాలుగా రావాలి, నిటారుగా లాగితే సంచి లేచి బయటికొస్తుంది. జిప్పుల్లో ఇసుక పడి పళ్లు అరిగిపోతాయి. దానికి నూనె రాస్తే ఇసుక ఇంకా అంటుకుంటుంది, పాత పళ్ల బ్రష్షుతో దులపటమే మందు.

చలి పైనుంచి కాదు, కింద నుంచి వస్తుంది. రాత్రి ఇసుక ఒంట్లో వేడిని లాగేస్తుంటుంది. పైన రెండు రజాయిలు కప్పుకుని కింద పల్చటి చాప వేసుకున్నవాళ్లకి నిద్ర పట్టదు. మొదట ప్లాస్టిక్ పట్టా, దాని మీద ఫోమ్ చాప, దాని మీద ఒక రజాయి, అప్పుడు మనిషి. రజాయిలు ఊళ్లో అద్దెకిస్తారు. మాకు రాత్రికి 50 రూపాయలు పడింది, ఇంటినుంచి మోసుకురావక్కర్లేదు.

ఎండగా ఉంది కదా అని జమ్మిచెట్టు కింద టెంటు వేయటం ఇక్కడికొచ్చే కొత్తవాళ్ల లక్షణం. ఆ నీడలో మధ్యాహ్నం ఒంటెలూ మేకలూ పడుకుంటాయి, వాటి గోమార్లు ఇసుకలో దాక్కుని ఉంటాయి. మనిషి ఊపిరి వాసనకే లేచి వస్తాయవి. నీడ కావాలంటే దుప్పటి కట్టుకోవటం మేలు.

రాత్రి భోజనం ఊళ్లోనే, బస ఇచ్చిన ఇంట్లో. సజ్జపిండిని వేణ్ణీళ్లతో కలిపి చేత్తో తట్టిన మందపాటి రొట్టె, సోగ్రా అంటారు. పల్నాటివాళ్లకి సజ్జ రొట్టె కొత్త కాదు గానీ, ఇక్కడ దాన్ని కంచంలోనే నలిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. పక్కన కఢీ. మన మజ్జిగ పులుసుకి శనగపిండి ఎక్కువైతే అదే. వెల్లుల్లి, ఎండుమిర్చి రోట్లో నూరిన చట్నీ, బెల్లం ముక్క. అసలు రుచి కేర్ సాంగ్రీది. సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలు, కేర్ అంటే ముళ్లపొదకి కాసే చేదు కాయలు. ఆ చేదు పోవటానికి కాయల్ని రోజుల తరబడి మజ్జిగలోనో ఉప్పునీళ్లలోనో నానబెడతారు. తర్వాత రెంటినీ ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, నూనెలో వాము, ఎండుమిర్చి, ఆమ్‌చూర్ వేసి వేయిస్తారు. కూరగాయలు లేని దేశంలో ఏడాదంతా నిలవుండే కూర. జైసల్మేర్ బజారులో మంచి సాంగ్రీ కిలో వెయ్యి రూపాయలు దాటింది. సగం ధరకి ఎవరైనా ఇస్తామంటే అది ముదురుకాయ, ఎంత ఉడికించినా పీచు పోదు.

వడ్డించేటప్పుడు బలవంతం ఇక్కడి మర్యాద. "చాలు" అన్న మాటకి విలువ లేదు, రెండు చేతులూ కంచం మీద అడ్డం పెట్టాలి. అతిథి లేచేదాకా ఇంటాయన తినడు, కాబట్టి కబుర్లతో కాలక్షేపం చేయటం ఆయన్ని ఆకలితో కూర్చోబెట్టటమే. ఆడవాళ్లు ముసుగులో ఉంటారు, మగవాళ్లు వంటింటి వైపు వెళ్లకూడదు, ఫోను ఎత్తకూడదు. మన జట్టులో ఆడవాళ్లుంటే లోపలికి పిలుచుకుపోతారు, రొట్టె తట్టటం నేర్పుతారు. గిన్నెలు ఇసుకతో, బూడిదతో తోమి గుడ్డతో తుడుస్తారు, నీళ్లు చివర్లో ఒక్క దోసెడు. అది చూశాక క్యాంపులో మేమూ అంతే.

జనవరి 19, ఖురీ దిగువ గడ్డి నేల

తిన్నె మీద జాడలు చూడాలంటే పొద్దు పొడిచిన మొదటి గంటే. వెలుతురు పక్కనుంచి పడి ప్రతి గుంటకీ నీడ ఉంటుంది, తొమ్మిది దాటితే నీడా పోతుంది, గాలికి జాడా పోతుంది. ఒకే గీత మీద ముందొకటి వెనకొకటి పడిన అడుగులు, గోళ్ల గుర్తులతో ఉంటే నక్క. గుండ్రంగా, గోళ్లు లేకుండా ఉంటే పిల్లి. ఊరిపిల్లో ఎడారి పిల్లో అడుగుని బట్టి చెప్పటం మాత్రం ఎవరి తరమూ కాదు, చెప్పేవాడు మాటకారి అనుకోవాలి. రెండు వరసల సన్నటి చుక్కలు పురుగువి. ఇసుక పింజర పక్కవాటుగా పాకితే విడివిడి కొక్కేల్లాంటి గీతలు పడతాయి, జనవరి చలికి అది కలుగు వదిలి రావటం అరుదు. అయినా చెప్పులు బోర్లించి పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోవటం మానకూడదు.

టెంట్లు విప్పి మూడు కిలోమీటర్లు దిగువకి, సేవణ్ గడ్డిలోకి మార్చాం. నడిచేవాళ్లకి ఇక్కడ మొదటి శత్రువు భురట్. గడ్డి గింజకి చుట్టూ ముళ్లు, ఉన్ని మేజోళ్లకి వందల్లో పట్టుకుంటాయి, చేత్తో పీకితే వేలికి దిగుతాయి. నున్నటి నైలాన్ ప్యాంటు, మడమ పైదాకా బూటు, జేబులో దువ్వెన. దువ్వెనతో గీస్తే అన్నీ ఒకేసారి రాలతాయి. కరువు రోజుల్లో ఆ గింజల్నే దంచి రొట్టె చేసుకునేవాళ్లని ఒంటెల ముసలాయన చెప్పాడు.

రెండో ఇబ్బంది, నేల ఉన్నట్టుండి కుంగటం. కింద ఎడారి ఎలకల కాలనీలు, పదుల కొద్దీ కలుగులు. ఇవి పగటి జీవులు, చలికాలం పది గంటల ఎండకి బయటికొచ్చి రెండు కాళ్ల మీద నిలబడతాయి. కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే మనల్ని పొద కింద జమకట్టుకుని మేతకి దిగుతాయి. ఎలకలున్న చోటికి డేగలూ నక్కలూ వాటంతట అవే వస్తాయి. అందుకని క్యాంపు ఈ కాలనీకి రెండు వందల మీటర్ల దూరంలో, గాలికి కింది వైపు పెట్టుకోవాలి. మరీ దగ్గరైతే ఏదీ రాదు.

నక్క మధ్యాహ్నం నాలుగున్నరకి వచ్చింది. తోక చివర తెల్లగా ఉంటే ఎడారి నక్క, నల్లగా ఉంటే మన మెట్టపొలాల్లో తిరిగే గుంటనక్క. ఇది తెల్లది. ఎలక కలుగు ముందు చెవులు వంచి నిలబడి, ఎగిరి ముందుకాళ్లతో దూకింది, దొరకలేదు, ఇంకో కలుగుకి పోయింది. దాని వెంట నడవాలనిపిస్తుంది గానీ నడవకూడదు, కూర్చున్న మనిషి చుట్టూ అది అరగంట తిరుగుతుంది, లేచిన మనిషిని చూసిన మరుక్షణం ఉండదు.

చింకారాలు నాలుగైదు కలిసి తిరుగుతాయి. మన కృష్ణజింక కంటే చిన్నవి, బరువు ఇరవై కిలోల పైచిలుకు. నీళ్లు తాగకుండా చాలాకాలం ఉండగలవు, ఆకుల్లోని తడీ మంచూ సరిపోతాయి. బెదిరితే ముందుకాలు నేలకేసి కొట్టి ముక్కుతో తుమ్మినట్టు చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు విన్నారంటే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టే, వెనక్కి తగ్గాలి. ముళ్లతోక ఉడుము, ఇక్కడి మాటలో సాండా, చలికాలమంతా కలుగు మూసుకుని పడుకుంటుంది. దాన్ని చూడాలంటే మార్చి తర్వాత రావాలి. నూనె తీయటానికి దొంగతనంగా పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎవరైనా ఆ నూనె అమ్మజూపితే కొనటం చట్టరీత్యా నేరం.

బహిర్భూమి గురించి ఎవరూ రాయరు గానీ రాయాలి. ఇక్కడి పొడి నేలలో ఏదీ తొందరగా కుళ్లదు. జానెడు లోతు తవ్వి పూడ్చాలి, కాగితం పూడ్చకూడదు, కాల్చకూడదు. ఎండు సేవణ్‌కి నిప్పు తగిలితే ఆపేవాడు లేడు. సంచిలో కట్టి ఊరికి తెచ్చుకోవాలి.

జనవరి 20, సుదాసరి

ఎడారి వనంలో సమ్‌కీ ఖురీకీ మధ్య సుదాసరి దగ్గర అటవీశాఖ కంచె వేసి గడ్డిని కాపాడిన చోటుంది. అనుమతీ రుసుమూ జైసల్మేర్‌లో అటవీశాఖ ఆఫీసులోనే చూసుకుని రావటం నయం. వచ్చేది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం.

ఈ పిట్ట తెలుగువాళ్లకి పరాయిది కాదు. నంద్యాల పక్కన రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది దీనికోసమే. గుంటూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరగల దూరంలో ఒకప్పుడు కనపడిన పక్షిని ఇప్పుడు చూడాలంటే దేశం ఈ మూలకి రావాలి. మొత్తం మిగిలినవి నూటయాభై లోపే, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే.

ఖురీ నుంచి వచ్చే దారి రెండు చక్రాల గాడి. కొత్త టైరు జాడ పట్టుకుని పోవటం ఇక్కడ దారి తప్పటానికి దగ్గరి దారి, అది ఏదో గాలిమర దగ్గరికో బావి దగ్గరికో పోయి ఆగుతుంది. పాత గాడిలో ఒంటె జాడలు కూడా ఉంటే అది ఊరి దారి. ఇసుక మొదలయ్యే ముందే ఆగి టైర్ల గాలి 30 పీఎస్ఐ నుంచి 18కి దించాలి. దిగబడ్డాక దించితే ఫలితం సగమే. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని బరువు పంచుతుంది. ఆ గాలితో వేగంగా మలుపు తిప్పితే మాత్రం టైరు రిమ్ము వదిలేస్తుంది. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఆ క్షణమే యాక్సిలరేటర్ వదలాలి, ఇంకో రెండు సెకన్లు తొక్కితే ఇరుసు ఇసుక మీద కూర్చుంటుంది. అప్పుడిక పారతో నాలుగు చక్రాల ముందూ తవ్వి, కింద గోనెలు పరిచి తోయటమే. జాకీ కింద అడుగు చదరం ప్లైవుడ్ ముక్క లేకపోతే బండి లేవదు, జాకీ కిందికి దిగుతుంది. తార్రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి, చేతిపంపుతో అయితే చెమటలు పడతాయి, 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఉంటే టైరుకి ఐదారు నిమిషాలు.

పిట్టని చూసే వేళ పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. ఆ తర్వాత నేల వేడెక్కి గాలి వణుకుతుంది, 60 రెట్లు పెంచే స్కోపులో కూడా దూరంలో అన్నీ నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. ఎంత ఖరీదైన స్కోపు తెచ్చినా అంతే, పెంపు 25, 30కి తగ్గిస్తే కాస్త నయం. బండిలోంచి దిగకుండా, ఇంజను ఆపి, కిటికీ మీద బియ్యప్పొట్లం లాంటి సంచి వేసి దాని మీద స్కోపు ఆనించాలి.

ఎనిమిదింబావుకి గడ్డిలో తెల్లటి మెడ లేచింది. తర్వాత ఇంకోటి. ఫారెస్ట్ గార్డు వేలు చూపలేదు, గడ్డం మాత్రం అటు తిప్పాడు. అర కిలోమీటరు పైనే దూరం. మగది దాదాపు మీటరు ఎత్తు, నెత్తి మీద నల్ల టోపీ, ఛాతీ మీద నల్ల పట్టీ, మెడ తెలుపు, వీపు గోధుమరంగు. ఆడది దానికంటే బాగా చిన్నది, పట్టీ ఉండీ లేనట్టు. నాలుగడుగులు వేసి ఆగుతాయి, పొద మొదట్లో పొడిచి ఏదో మింగుతాయి, మళ్లీ నాలుగడుగులు. మిడతలు, పేడపురుగులు, రేగుపళ్లు, చిన్న బల్లులు, ఏది దొరికితే అది. నలభై నిమిషాలు చూశాక అవే గడ్డిలోకి దిగిపోయాయి. ఎగరలేదంటే చూసినవాళ్లు సరిగ్గా చూసినట్టు. 15 కిలోల దాకా తూగే పక్షి, లేవటానికే చాలా ఖర్చు దానికి.

ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేల మీద. నక్కలు, ఊరకుక్కలు, పశువుల గిట్టలు తప్పించుకోవాలి. వీటికి తోడు కరెంటు తీగలు. బట్టమేకకి కళ్లు తల పక్కల ఉంటాయి, నేల కేసి చూస్తూ ఎగిరేటప్పుడు ఎదురుగా ఏముందో సరిగా ఆనదు. బరువు వల్ల చటుక్కున పక్కకి తిరగలేదు. తీగల్ని భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. తీగలకి తిరిగే బిళ్లలు కట్టిన చోట్లు దారిలో చూశాం, కట్టని చోట్లే ఎక్కువ. ఇంకోవైపు సమ్‌లోనూ రామ్‌దేవ్రాలోనూ పెంపక కేంద్రాలున్నాయి, 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో పిల్ల పుట్టింది ఆ కార్యక్రమంలోనే. వాటిలోకి సందర్శకుల్ని రానివ్వరు, రానివ్వకపోవటమే సరి.

పిల్లలకి చూపిద్దామని వచ్చిన ఇంకో బండివాళ్లు రెండు గంటలు తిరిగి, ఏమీ కనపడలేదని గార్డు మీద కేకలేసి వెళ్లారు. తిరిగే బండికి అది కనపడదు, ఆగిన బండికి కనపడుతుంది. జీపు రోజుకి 4,000, అందులో డీజిలు కలిసే ఉంది. ఆగి ఉన్నంతసేపూ డ్రైవరుకీ హాయి.

జనవరి 21, దేగరాయ్ ఓరణ్

జైసల్మేర్ దాటి తూర్పుకి. ఓరణ్ అంటే దేవుడి పేర వదిలేసిన బీడు. కొమ్మ కొట్టకూడదు, దున్నకూడదు, మేపుకోవచ్చు. దేగరాయ్ మాత గుడి చుట్టూ జమ్మి, కేర్, రేగు, జాలు చెట్లతో మైళ్ల కొద్దీ నేల అలా మిగిలింది. దసరా నాడు మనం పూజ చేసి ఆకు తెచ్చుకునే జమ్మే ఇక్కడ మేకకి మేత, మనిషికి కూర. దీన్ని నరకనివ్వకుండా 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో చెట్లనీ జీవాల్నీ కాపాడటమే మతంగా పెట్టుకున్న బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు.

ఓరణ్ లోపల టెంటు అడగటం బాగుండదు. గుడి దగ్గర పెద్దల్ని అడిగి, వాళ్లు చూపిన అంచున వేసుకోవాలి. మాంసం, మందు ఊసెత్తకూడదు. ఎండుపుల్ల కూడా ఏరకూడదు, పిడకలు పక్క ఊళ్లో కొనుక్కోవాలి, మాకు గంప 60 రూపాయలు. బాటీలు ఆ పిడకల నిప్పులోనే. గోధుమపిండిలో నెయ్యి కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, మంట ఆరి బూడిద కప్పాక అందులో పూడ్చాలి. ఇరవై నిమిషాలకి ఒకసారి తిప్పి, ఇంకో పావుగంట. మంట ఉండగా పెడితే పైన మాడి లోపల పిండి మిగులుతుంది. కందిపొడీ నెయ్యీ నంచుకుంటే బాబాయికి ముద్ద గుర్తు రాలేదు.

తొమ్మిది, పదింటి మధ్య చెరువు గట్టున కూర్చోవాలి. శాండ్‌గ్రౌజ్ అనే పావురం లాంటి పక్షులు గుంపులుగా నీళ్లకి దిగుతాయి. దిగే ముందు రెండు మూడు చుట్లు తిరిగి, గట్టున కాసేపు నిలబడి, పది సెకన్లు తాగి ఎగిరిపోతాయి. పొట్ట నల్లగా ఉన్నవి చలికాలం వలస వచ్చినవి, గోధుమ ఎరుపు పొట్టవి ఇక్కడివే. ఎర్ర జాకెట్టు, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి గట్టున ఉంటే ఒక్కటీ దిగదు.

ఊరవతల చచ్చిన పశువుల్ని పడేసే చోట రాబందులు. గాలి వెనకనుంచి ఉండేలా నిలబడకపోతే ఆ వాసనకి ఐదు నిమిషాలు ఆగలేరు. మన కోస్తాలో కనుమరుగైన రాబందుల్ని ఇక్కడ ఒకే కళేబరం మీద మూడు నాలుగు రకాలు చూడొచ్చు. అన్నిటికంటే పెద్దది నల్లటి సినీరియస్ రాబందు, రెక్కలు చాపితే రెండున్నర మీటర్ల పైనే. అది వస్తే మిగతావి తప్పుకుంటాయి. పసుపు మొహం తెల్ల రాబందులు అంచున తచ్చాడుతూ తుంపులు ఏరుకుంటాయి. పశువులకి వాడే డైక్లోఫెనాక్ మందే వీటిని చంపిందని తేలాక 2006లో దాన్ని ఆపారు. ఇక్కడ అసలు భయం రాబందులు కాదు, ఆ మాంసానికి అలవాటు పడిన కుక్కల గుంపు. చేతిలో కర్ర ఉండాలి, ఒంటరిగా బండి దిగకూడదు, పరుగెత్తకూడదు.

జనవరి 23, ఖీచన్

ఫలోదీ పక్కనున్న ఈ ఊరికి ముందు రాత్రే చేరాలి. టెంటు అక్కర్లేదు, ఇళ్లలో గదులిస్తారు. ఊరి మధ్య కంచె వేసిన పెద్ద దొడ్డిలో రాత్రే జొన్నలు చల్లి ఉంచుతారు. వేల కుర్జా కొంగలు (డెమోసెల్ క్రేన్లు) ఏడున్నర దాటాక గుంపులుగా వచ్చి ఊరి మీద చుట్లు తిరుగుతాయి, దొడ్డిలోకి దిగటానికి ఇంకో అరగంట తీసుకుంటాయి. మంగోలియా, మధ్య ఆసియాల నుంచి హిమాలయాలు దాటి ఆగస్టు చివర్లో మొదలై వస్తాయి, మార్చిలో వెళ్లిపోతాయి. 2025లో ఖీచన్ రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది.

దొడ్డి కంచె దగ్గర నిలబడితే కనపడేది ముందు వరసే. పక్క ఇంటి మేడ ఎక్కనిస్తారు, డబ్బు అడగరు. ఇవ్వాలనుకుంటే గింజల ఖాతాకి ఇమ్మంటారు, ఆ పూట మేం అర బస్తా జొన్నలకి కట్టాం. మేడ మీద నిలబడి చేతులూపినా, ఫ్లాష్ కొట్టినా దిగుతున్న గుంపు మళ్లీ పైకి లేస్తుంది, దిగటానికి ఇంకో పావుగంట. కుక్క దొడ్డిలో దూరినా అంతే, అందుకని గేటు దగ్గర ఒకాయన కర్రతో కూర్చుని ఉంటాడు. పదింటికి కొంగలు చెరువుల వైపు పోయాక మేడ దిగి, ఫలోదీలో పొట్టు మినప్పప్పు కచోరీ తిని జోధ్‌పూర్ బస్సెక్కొచ్చు. రజాయిలు, క్యాన్లు జైసల్మేర్‌లోనే తిరిగిచ్చి డిపాజిట్ తీసుకుని ఉంటేనే ఈ దారి కుదురుతుంది. లేకపోతే వాటికోసం మళ్లీ పడమటికి పోవాలి.